నేరవార్తలో బాధితుల, సాక్షుల ఆనవాళ్లు బయటపడకుండా రాయడం ఎలా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విలేకరుల కోసం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మండల విలేకరి పంపిన నేరవార్తను అందరికంటే ముందుగా, అందరికంటే శ్రద్ధగా చదివేది ఆ సంఘటన జరిగిన ఊరివాళ్లే. విశాఖపట్నంలోనో విజయవాడలోనో ఉన్న పాఠకునికి పేరు తీసేస్తే బాధితురాలు ఎవరో తెలియకపోవచ్చు గాని, వంద గడపలున్న పేటలో తండ్రి చేసే పని, పిల్ల చదివే తరగతి, ఇల్లున్న వీధి, ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా పేరు అచ్చువేసినట్టే అవుతుంది. అందువల్ల వార్త రాసేటప్పుడు మనసులో ఉంచుకోవలసినది ఎక్కడో ఉన్న పాఠకుణ్ణి కాదు, ఆ వీధి చివర టీ కొట్టు దగ్గర పేపరు తిరగేసే మనిషిని. బాధితురాలు ఎవరో ఆ వార్త వల్ల అతనికి తెలియకుండా రాయగలిగితేనే చట్టం అడిగిన గోప్యతను పాటించినట్టు.

చట్టం ఏమి అడుగుతోంది

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ ఇందుకు మూలం. పాత శిక్షాస్మృతిలో 228-ఎ గా ఉన్నది ఇదే. 64 నుంచి 71 వరకు ఉన్న సెక్షన్ల కింద, అంటే అత్యాచారానికి, దానికి సంబంధించిన నేరాలకు గురైనట్టు ఆరోపణ ఉన్న లేక రుజువైన వ్యక్తి పేరును గాని, ఆ వ్యక్తి ఎవరో తెలిసిపోయే ఏ వివరాన్ని గాని ప్రచురిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. 'ఏ వివరాన్ని గాని' అన్న మాటను విలేకరి మరచిపోకూడదు. నిపుణ్ సక్సేనా కేసులో 2018 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దీనిని ఇంకా విప్పి చెప్పింది. బాధితురాలిని గుర్తుపట్టడానికి దూరాన్నుంచైనా తోడ్పడే వాస్తవాలను పత్రికల్లో గాని, టీవీల్లో గాని, సోషల్ మీడియాలో గాని వెల్లడించకూడదని ఆ తీర్పు సారాంశం.

బాధితులు పద్దెనిమిదేళ్ల లోపువారైతే, లైంగిక నేరాల నుంచి పిల్లలకు రక్షణ కల్పించే పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ వర్తిస్తుంది. పేరు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, పాఠశాల, ఇరుగుపొరుగు ప్రాంతం, ఇవన్నీ ఆ సెక్షన్‌లోనే విడివిడిగా రాసి ఉన్నాయి. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇందులో విలేకరితో పాటు పత్రిక లేదా చానల్ యజమాని, ప్రచురణకర్త కూడా బాధ్యులే కాబట్టి, డెస్క్ చూసుకుంటుందిలే అని విలేకరి, విలేకరి చూసే పంపి ఉంటాడులే అని డెస్క్ ఊరుకోవడానికి వీల్లేదు.

మూడోది 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్. ఇది లైంగిక నేరాలకే పరిమితం కాదు. ఏ నేరంలోనైనా బాధితులైన పిల్లలు, సాక్షులైన పిల్లలు, రక్షణ అవసరమైన పిల్లలు, చివరికి నేరం చేసినట్టు ఆరోపణ ఉన్న పిల్లలు కూడా దీని నీడలోకి వస్తారు. బైక్ దొంగతనంలో పట్టుబడిన పదిహేడేళ్ల కుర్రాడి పేరు, ఊరు, కాలేజీ రాయడం ఈ సెక్షన్ ప్రకారం నేరం. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఒక వార్తను దగ్గరగా పరిశీలిస్తే

కింది పంక్తులు నేను కల్పించినవే గాని, ఈ పద్ధతిలో రాసిన వార్తలు మన జిల్లా పేజీల్లో కొత్త కాదు.

"ఫలానా మండలం ఫలానా పేటకు చెందిన మత్స్యకారుని రెండో కుమార్తె (14) స్థానిక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. తల్లిదండ్రులు వేట పనులకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లడంతో అమ్మమ్మ ఇంట్లో ఉంటోంది. వరుసకు మేనమామ అయిన ఫలానా వ్యక్తి మంగళవారం సాయంత్రం రామమందిరం వెనుక పాకలోకి తీసుకెళ్లి లైంగిక దాడికి పాల్పడ్డాడు. బాలిక రిమ్స్‌లో చికిత్స పొందుతోంది."

పేరు ఎక్కడా లేదు. కాని వేటకు వెరావల్ వెళ్లిన కుటుంబాలు ఆ పేటలో ఎన్ని ఉంటాయి, వాటిలో పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలినవి ఎన్ని, వారిలో తొమ్మిదో తరగతి చదివే రెండో కూతురు ఎవరు అని ఆలోచించడానికి ఆ ఊరివారికి నిమిషం కూడా పట్టదు. తెలియనివాళ్లకు మందిరం వెనుక పాక దారి చూపిస్తుంది. ఆసుపత్రి పేరు రాయడం వల్ల పరామర్శ పేరిట వార్డు వరకు వచ్చేవాళ్లు తయారవుతారు. అన్నింటికంటే పెద్ద దెబ్బ నిందితుని పేరును, అతనితో పిల్లకున్న చుట్టరికాన్ని ఒకేచోట రాయడం.

ఇలా రాస్తే సరిపోతుంది: "జిల్లాలో ఒక బాలికపై లైంగిక దాడి జరిగినట్టు అందిన ఫిర్యాదుపై పోలీసులు పోక్సో చట్టం కింద కేసు నమోదు చేశారు. నిందితుడు బాలికకు సమీప బంధువు. అతన్ని అదుపులోకి తీసుకున్నామని, బాలికకు వైద్యసహాయం అందుతోందని డీఎస్పీ తెలిపారు." ఇందులో వార్త ఏమీ తగ్గలేదు. నేరం జరిగింది, ఫిర్యాదు అందింది, కేసు పెట్టారు, అరెస్టు జరిగింది, నేరం ఇంటి మనిషి వల్లనే జరిగింది. పాఠకునికి తెలియవలసినవి ఇవే. తగ్గింది ఊరి కుతూహలానికి పనికివచ్చే సరుకు మాత్రమే.

నిందితుడు బంధువో, పక్కింటివాడో, ఉపాధ్యాయుడో అయినప్పుడు పాటించవలసిన నియమం ఒకటుంది. అతని పేరైనా రాయాలి, లేదా బాధితురాలితో అతనికున్న సంబంధమైనా రాయాలి, రెండూ కలిపి రాయకూడదు. నా అభిప్రాయంలో బంధువు నిందితుడైన కేసుల్లో సంబంధాన్ని ఉంచి పేరును వదలడమే మేలు, ఎందుకంటే అతని ఇంటిపేరుతోనే పిల్ల ఇల్లు తెలిసిపోతుంది. ఉపాధ్యాయుడైతే బడి పేరు కూడా వదలాలి. అయితే ఒక పత్రిక సంబంధాన్ని రాసి పేరు వదిలి, మరో పత్రిక పేరు రాసి సంబంధాన్ని వదిలితే, రెండూ చదివినవాడికి అంతా తెలిసిపోతుంది. మండల కేంద్రంలోని విలేకరులు రోజూ ఒకరికొకరు తారసపడేవారే కనుక, ఇలాంటి కేసు వచ్చిన రోజున ఏ వివరాలను ఎవరూ వాడకూడదో ముందే ఒక మాట అనుకోవడం కష్టమైన పనేమీ కాదు.

ఒకే వివరం ఒకచోట ప్రమాదం కాకపోవచ్చు, మరోచోట కావచ్చు. పలాసలో జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే మహిళ అంటే వేలమందిలో ఒకరు. ఒకే జీడి మిల్లు ఉన్న చిన్న ఊళ్లో అదే మాట రాస్తే పేరు చెప్పినట్టే. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు అయినప్పుడు కులం ప్రస్తావన లేకుండా వార్త రాయలేము. అప్పుడు వదలవలసినవి ఊరి పేరు, కాలనీ పేరు. గిరిజన గూడేల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇరవై ఇళ్ల గూడెం పేరు రాశాక దాచడానికి ఇంకేమీ మిగలదు.

మారుపేరు పెట్టడం గురించి కూడా చెప్పాలి. 2019 చివర హైదరాబాద్ శివార్లలో జరిగిన ఘోరంలో 'దిశ' అన్న పేరు పోలీసులు ఇచ్చేసరికే ఆ యువతి అసలు పేరు, ఫొటో ఊరూరా తిరిగిపోయాయి. మండల స్థాయి వార్తలో విలేకరి సొంతంగా ఒక పేరు కల్పిస్తే, ఆ పేరున్న మరో ఆడపిల్ల అదే ఊళ్లో ఉండవచ్చు. 'బాలిక', 'బాధితురాలు' అన్న మాటలు చాలు.

అనుమతి ఎవరివ్వాలి

మన వైపు తరచుగా వచ్చే వార్త ఒకటుంది. పెళ్లి చేసుకుంటానని నమ్మించి మోసం చేశాడంటూ ఒక యువతి ప్రియుడి ఇంటి ముందు బైఠాయించడం, మహిళా సంఘాలు మద్దతు పలకడం, విలేకరులు ఫొటోలు తీయడం. పెళ్లి వాగ్దానంతో మోసగించి లైంగిక సంబంధం పెట్టుకోవడం ఇప్పుడు న్యాయ సంహిత 69వ సెక్షన్ కింద నేరం. అది 72వ సెక్షన్ రక్షణ ఉన్న జాబితాలోనిదే. అంటే ఆమె నలుగురి ఎదుట కూర్చుని ఉన్నా సరే, పేరు, ఫొటో ప్రచురించాలంటే ఆమె రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి ఉండాలి. కెమెరా ముందు మాట్లాడింది కదా అన్న సమాధానం చాలదు. కాగితం తీసుకున్నాక కూడా ఒకసారి ఆమెతో నెమ్మదిగా మాట్లాడటం మంచిది. ఆ రోజు కోపంలో, దుఃఖంలో ఇచ్చిన సంతకం, రేపు ఆమె వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకున్నప్పుడు కూడా ఫోన్‌లో వెతికితే కనబడే ఫొటోగా మారుతుందని చెప్పే బాధ్యత విలేకరిదే.

బాధితురాలు మరణిస్తే పేరు రాయవచ్చన్న నమ్మకం మన వృత్తిలో చాలా గట్టిగా ఉంది. అది తప్పు. 'మా అమ్మాయి పేరు రాయండి, అందరికీ తెలియాలి' అని కన్నవారే అడిగినా ఆ అనుమతి చెల్లదు. వెల్లడించవలసినంత కారణం ఉందా లేదా అన్నది సెషన్స్ జడ్జి నిర్ణయించాలని నిపుణ్ సక్సేనా తీర్పు చెప్పింది. మైనర్ల విషయంలో, అది బిడ్డ మేలుకే అని భావిస్తే పోక్సో ప్రత్యేక కోర్టు మాత్రమే అనుమతించగలదు. 2018లో జమ్మూ కశ్మీర్‌లోని కఠువాలో అత్యాచారానికి, హత్యకు గురైన బాలిక పేరు, ఫొటో ప్రచురించిన మీడియా సంస్థలు పది లక్షల రూపాయల చొప్పున చెల్లించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. 2024 ఆగస్టు 20న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో అత్యాచారానికి, హత్యకు గురైన వైద్యురాలి పేరు, ఫొటోలు, వీడియోలను సోషల్ మీడియా నుంచి తొలగించాలని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కనుక కొవ్వొత్తుల ర్యాలీ ఫొటో వేసేటప్పుడు ఫ్లెక్సీ మీద ఉన్న ముఖం కనబడుతోందా అని చూడాలి. నాయకులు వచ్చి తల్లికి చెక్కు అందిస్తున్న ఫొటోలో తల్లి ముఖం, వెనుక ఇంటి గోడ కనబడుతున్నాయా అని చూడాలి.

పోలీసులు ప్రెస్ నోట్‌లో పేరు రాశారు కాబట్టి మేమూ రాశాము అనడం రక్షణ కాదు. దర్యాప్తు అవసరం కోసం సద్భావంతో పోలీసు అధికారి రాతపూర్వకంగా ఇచ్చే ఉత్తర్వుకే చట్టంలో మినహాయింపు ఉంది, వాట్సాప్ గ్రూపులో పడిన నోట్‌కు కాదు. లైంగిక నేరాల ఎఫ్‌ఐఆర్‌లు బహిరంగంగా పెట్టకూడదన్నది కూడా సుప్రీంకోర్టు ఆదేశమే. అలాంటి నోట్ వచ్చిన వెంటనే సంబంధిత ఎస్సైకి ఫోన్ చేసి తొలగించమని చెప్పండి, మీరు మాత్రం మరో గ్రూపుకు పంపకండి.

ఫొటో, వీడియో, ఫోన్

ముఖం మసక చేస్తే పని అయిపోయిందనుకోవడం వీడియో విలేకరుల్లో కనిపించే పెద్ద పొరపాటు. గొంతు, చేతిమీద పచ్చబొట్టు, యూనిఫాం, వాకిట్లో నిలిపిన ఆటో నంబరు, పక్కనే నిలబడ్డ తల్లి, వీటిలో ఏ ఒక్కటైనా ఊరికి చాలు. మసక చేసిన వీడియో ప్రసారమై, మసక చేయనిది డెస్క్‌కు పంపిన గ్రూపులోనే ఉండిపోతే, నాలుగు రోజుల తర్వాత అది ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదు. అందుచేత గోప్యత అవసరమైన కేసుల్లో బాధితులను, వారి ఇంటిని అసలు చిత్రీకరించకపోవడమే సురక్షితం. పోలీస్ స్టేషన్ బోర్డు చాలు.

కనబడకుండా పోయిన అమ్మాయి కేసులో ఇంకో చిక్కు ఉంటుంది. మొదటి రోజు తల్లిదండ్రులే ఫొటో ఇచ్చి వేయమంటారు, వేస్తాము, అది సరైన పనే. వారం తర్వాత ఆ అమ్మాయి దొరికి, కేసు పోక్సో కిందికి మారితే, ఆ పాత ఫొటోయే ఆమె గుర్తింపును బయటపెడుతుంది. ఆ క్షణం నుంచి కొత్త వార్తలో 'గత వారం అదృశ్యమైన' అన్న ప్రస్తావన రాకూడదు, పాత వార్తను వెబ్‌సైట్ నుంచి, ఫేస్‌బుక్ పేజీ నుంచి తీసేయమని డెస్క్‌కు ఆ రోజే చెప్పాలి. వెబ్ చిరునామాలో, ఫొటో ఫైల్ పేరులో, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో పేరు మిగిలిపోవడం తరచు జరుగుతుంది కాబట్టి వాటిని విడిగా చూసుకోవాలి.

బాల్యవివాహాన్ని ఆపామంటూ అధికారులు పంపే ఫొటోలదీ ఇదే దారి. పీటల మీదికి వెళ్లబోయిన బాలిక చట్టం దృష్టిలో రక్షణ అవసరమైన బిడ్డ, అందుకే ఆమెకు 74వ సెక్షన్ వర్తిస్తుంది. ఆమెను మధ్యలో నిలబెట్టి తీసిన ఫొటోను, అంగన్‌వాడీ సిబ్బంది ఎంత గర్వంగా పంపినా, వాడకూడదు.

సాక్షుల సంగతి

పెద్దవాళ్లైన సాక్షుల పేర్లు రాయకూడదన్న సాధారణ నిషేధం మన చట్టాల్లో లేదు, అందుకే ఇక్కడ విలేకరి వివేకం మీద ఎక్కువ భారం పడుతుంది. హత్య జరిగిన గంటకే 'ప్రత్యక్ష సాక్షి ఫలానా మాకు ఇలా చెప్పారు' అని పేరు, వీధితో సహా వేస్తే, పోలీసులు వాంగ్మూలం తీసుకోకముందే ఆ మనిషి నిందితుల బంధువులకు దొరికిపోతాడు. పొలం గట్టు తగాదాలోనో, రాజకీయ కక్షల్లోనో జరిగిన హత్యలో సాక్షి, నిందితుడు ఒకే ఊళ్లో, ఒకే బోరు నీళ్లు తాగుతూ ఏళ్ల తరబడి బతకాలి. 'స్థానికుడొకరు చెప్పిన ప్రకారం' అని రాయడమే మంచిది. దానితో పాటు అతను నిలబడ్డ చోటును కూడా వదలాలి, ఎందుకంటే 'ఎదురింటి మేడ మీద నుంచి చూసిన వ్యక్తి' అన్నప్పుడు పేరుతో పని ఉండదు. కోర్టులో ఎవరెవరు సాక్ష్యం చెప్పబోతున్నారో ముందుగా జాబితా వేయడం అసలు కూడదు.

సాక్షికి బెదిరింపులు వస్తున్నాయని తెలిస్తే, వార్తకంటే ముందు అతనికి ఒక దారి చెప్పండి. మహేందర్ చావ్లా కేసులో 2018 డిసెంబరు 5న సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటికీ చట్టంతో సమానంగా అమలు చేయమంది. జిల్లా జడ్జి అధ్యక్షతన, జిల్లా పోలీసు అధిపతి, ప్రాసిక్యూషన్ అధిపతి ఉండే కమిటీకి సాక్షి దరఖాస్తు చేసుకోవచ్చు. టెక్కలి, కాశీబుగ్గ, బొబ్బిలి వంటి సబ్‌డివిజన్ల డీఎస్పీలు ముప్పు ఎంతుందో విచారించి ఐదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. పేరు, చిరునామా దాచమని ఉత్తర్వు కూడా కోరవచ్చు. అబద్ధపు సాక్ష్యం చెప్పమని బెదిరించడం న్యాయ సంహిత 232వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. ఎస్సీ, ఎస్టీ కేసుల్లో సాక్షుల పేర్లను రికార్డుల్లో దాచే అధికారం ప్రత్యేక కోర్టుకు అత్యాచారాల నిరోధక చట్టంలోని 15-ఎ సెక్షన్ ఇచ్చింది. ఎవరికైనా ఇలాంటి రక్షణ లభించిందని తెలిసినా, లభించిందన్న సంగతి కూడా వార్త కాకూడదు.

కోర్టు దశలో అత్యాచార కేసుల విచారణ తలుపులు మూసి జరుగుతుంది. దానికి సంబంధించిన విషయాలను కోర్టు అనుమతి లేకుండా ప్రచురించడం న్యాయ సంహిత 73వ సెక్షన్ ప్రకారం నేరం. హైకోర్టు, సుప్రీంకోర్టుల తీర్పులను ప్రచురించడం ఈ సెక్షన్ కిందికి రాదు. జిల్లా కోర్టులో శిక్ష పడిన వార్తకు అనుమతి విషయం పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను అడిగి తెలుసుకుని, బాధితురాలి ఊరు, బంధుత్వం మొదటి రోజు ఎలా వదిలారో అలాగే వదిలి రాయండి. కేసు పెట్టిన రోజు దాచి, తీర్పు రోజు అన్నీ రాసేయడం మన పేజీల్లో కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పటికే బయటపడితే

ఒకసారి అచ్చయిన పేపరును వెనక్కి తీసుకోలేము గాని, ఈ-పేపర్ పేజీని మార్చవచ్చు, వీడియోను తీసేయవచ్చు, గ్రూపులో పోస్టును అందరికీ తొలగించవచ్చు. విలేకరి చేయవలసింది ఎవరూ అడగకముందే డెస్క్‌కు ఫోన్ చేయడం. పేరు పొరపాటున పడిందని సవరణ వేయడం మాత్రం వద్దు, చూడనివాళ్లు కూడా వెతికి చూస్తారు.

బాధిత కుటుంబం మిమ్మల్ని అడిగితే చెప్పవలసినవి ఇవి. ముందుగా ఆ పేజీని లేదా స్క్రీన్‌ను తేదీతో సహా భద్రపరచుకోవాలి, ఎవరికీ పంపకూడదు. పోలీస్ స్టేషన్‌లో గాని, నేరుగా ఎస్పీకి గాని ఫిర్యాదు ఇవ్వవచ్చు. పత్రిక మీద ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లాలంటే ముందు సంపాదకునికి రాతపూర్వకంగా తెలియజేయాలి. దినపత్రిక విషయంలో వార్త అచ్చయ్యాక రెండు నెలలు దాటకుండా చూసుకోవాలి. మహిళలకు 181, పిల్లలకు 1098 హెల్ప్‌లైన్ నంబర్లు ఉన్నాయి. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు, పిల్లలకు ఉచితంగా న్యాయవాదిని ఇచ్చే జిల్లా న్యాయసేవాధికార సంస్థలు శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఉన్నాయి, వాటి సహాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదు రాసే కాగితంలో కూడా బాధితురాలి పేరును ప్రతి పేరాలో రాయనవసరం లేదు. వివరాలను విడి కాగితంలో రాసి, సీలు వేసిన కవరులో జతపరచి, ఫిర్యాదులో 'బాధితురాలు' అని మాత్రమే రాయండి.